మతాచార్యుడును నియంతయు

అమీర్‌పేట కూడలిలో మెట్రో రైలుమార్గములు రెండు కలియుచోట పగలనక రాత్రియనక జనప్రవాహము సాగుచుండును. ఆ చుట్టుపట్ల వీధులలో కంప్యూటరు విద్య నేర్పు శిక్షణాలయములును, విద్యార్థులు తలదాచుకొను వసతిగృహములును లెక్కకు మిక్కిలి. మా యింటి పైయంతస్తులో గూడ పరజిల్లాలనుండి వచ్చిన యువకులు నలుగురు కాపురమున్నారు. ఒకనాటి సాయంకాలము వారిలో నిద్దరు మా వద్దకు వచ్చి, ఫోనులో నొక పాత ఛాయాచిత్రమును చూపిరి. ఎదురెదురుగా రెండు కుర్చీలు. ఒకదానిలో హిట్లరు కూర్చుండెను. రెండవదానిలో తెల్లని వస్త్రము చుట్టిన టోపీయు, నిలువుటంగీయు ధరించిన మతాచార్యుడొకడు కూర్చుండెను.

"వీళ్లందరూ ఎట్లాంటివాళ్లో తెలియడానికి ఇది చాలదా సార్?" అని మొదటివాడనెను. "అది ఎవరో కల్పించిన బొమ్మ సార్" అని రెండవవాడనెను. "వీళ్లందరూ" అనుటలో మొదటివాని యుద్దేశము, రెండవవాని పేరు తెలిసినవారికి వివరింపనక్కరలేదు. వారిరువురును ఒక్క గదిలో నుండి ఒక్క కుండలో వండిన యన్నము తినువారు. ఆ రాత్రి వారు వేర్వేరుగా భుజించిరని మరునాడు తెలియవచ్చినది.

ఆ చిత్రము కల్పితము కాదు. అది 1941 నవంబరు 28వ తేదీన బెర్లిను నగరమున తీయబడినది. అందలి మతాచార్యుడు యెరూషలేము ముఫ్తీయైన హాజీ అమీన్ అల్ హుసేనీ. కావున రెండవవాని మాట నిలువదు. కాని ఆ చిత్రమునుండి మొదటివాడు తీసిన తీర్పును నిలువదు. ఈ రెండు మాటలను ఒక్కమారు చెప్పుట కష్టము. ఒకటి చెప్పినచో రెండవదానిని కప్పిపుచ్చుచున్నామని వినువారు శంకింతురు. అయినను చరిత్ర రెండింటిని చెప్పుచున్నది గాన మేమును రెండింటిని చెప్ప యత్నింతుము. ఈ కథ మన నగరమునకు పూర్తిగా పరాయిది కాదను విషయము చదువరులకు ముందు ముందు విదితము కాగలదు.

అమీన్ అల్ హుసేనీ పందొమ్మిదవ శతాబ్ది చివర యెరూషలేములో నొక ప్రసిద్ధ కుటుంబమున జన్మించెను. కొంతకాలము కైరోలోని అల్ అజహర్ విద్యాపీఠమున చదివి, ప్రథమ ప్రపంచ సంగ్రామమున తురుష్క సైన్యములో ఉద్యోగిగా పనిచేసెను. ఆ యుద్ధకాలముననే, 1917 నవంబరున, పాలస్తీనాలో యూదులకు జాతీయ నివాసమేర్పరచుటకు తోడ్పడుదుమని ఆంగ్ల ప్రభుత్వము ప్రకటించెను. డిసెంబరున యెరూషలేము ఆంగ్లేయుల వశమయ్యెను. ఆ ప్రకటనకు పూర్వము అచ్చటి అరబ్బుల నెవరును అడిగినవారు లేరు. వారి మనస్తాపమునకు మూలమిదియే. అది న్యాయమైన మనస్తాపమే.

1920 ఏప్రిలులో యెరూషలేములో చెలరేగిన కలహములందు అమీనునకు పాత్ర కలదని ఆంగ్లేయులు అతనికి పది సంవత్సరముల శిక్ష విధించిరి. అప్పటికే యతడు దేశము దాటిపోయెను. కొలది మాసములలో క్రొత్త హైకమీషనరు హెర్బర్టు సామ్యూలు అతనిని క్షమించెను. మరుసటి సంవత్సరము అతని సవతియన్నయగు ముఫ్తీ మరణింపగా ఆ పదవికి ఎన్నిక జరిగెను. ఓట్ల లెక్కలో అమీను మొదటి మువ్వురిలో లేడు. అయినను పై మువ్వురిలో నొకని పోటీనుండి తొలగింపజేసి, 1921 మే నెలలో ప్రభుత్వము అమీనునే ముఫ్తీగా నంగీకరించెను. నగరాధ్యక్షపదవి నషాషీబీ కుటుంబమున కిచ్చితిమి గాన ముఫ్తీపదవి హుసేనీ కుటుంబమున కిత్తుమనుట పాలకుల లెక్క. 1922లో నతడు ముస్లిముల మహామండలికిగూడ అధ్యక్షుడయ్యెను. వక్ఫు ఆస్తులు, షరియతు న్యాయస్థానములు, వాని ఉద్యోగములు అతని చేతిలో పడెను. దేవుని పేర చెలామణియైన యా పీఠమును నిలబెట్టినది ఒక సామ్రాజ్య ప్రభుత్వపు కార్యాలయమని చదువరులు గుర్తింపవలెను. సంస్థానములలో నొక వంశమును మరియొక వంశముపై నిలిపి తక్కెడ సరిచూచుకొను ఆంగ్లేయుల పద్ధతి మనవారికి క్రొత్తది కాదు.

హైదరాబాదునకు ఈ కథతో సంబంధ మిచ్చటనే ప్రారంభమగుచున్నది. యెరూషలేములోని అల్ అక్సా మసీదు, దాని ప్రక్కనున్న శిలాగుంబజు శిథిలమై యుండగా, వాని మరమ్మతునకై ముఫ్తీ ప్రతినిధులు 1920వ దశకమున దేశదేశములు తిరిగి చందాలు కూర్చిరి. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను ఆ నిధికి ఘనమైన విరాళమిచ్చెను. కాశీ హిందూ విశ్వవిద్యాలయమునకును విరాళమిచ్చిన ప్రభువాయన. 1931 నవంబరున ఆయన పెద్దకుమారుడు ఆజంజాహ్, పదవీచ్యుతుడైన తురుష్క ఖలీఫా కుమార్తె దుర్రె షెహ్వారును ఫ్రాన్సులోని నీస్ నగరమున వివాహమాడెను. ఆ మరుసటి నెలలోనే యెరూషలేములో ముఫ్తీ ప్రపంచ ఇస్లామియ మహాసభను జరిపెను. అందు మన దేశపు మౌలానా షౌకతలీ ముఖ్యపాత్ర వహించెను. ఆయన తమ్ముడు మౌలానా మహమ్మదలీ ఆ సంవత్సరారంభముననే లండనులో మరణించి యెరూషలేము పుణ్యస్థలముననే సమాధి చేయబడియుండెను. 1933లో ముఫ్తీ తానే స్వయముగా, ఈజిప్టు నాయకుడు మహమ్మదలీ అల్లూబా పాషాతో కలిసి, యెరూషలేములో స్థాపింపదలచిన యొక విశ్వవిద్యాలయమునకై ధనము కూర్చుటకు హిందూదేశమునకు వచ్చి, హైదరాబాదును దర్శించెను.

అప్పటికి అమీర్‌పేట నగరపు పొలిమేరలలోని తోటల ప్రదేశము. ఉర్దూ భాష నెరిగిన యిండ్లలో యెరూషలేమును బైతుల్ ముఖద్దస్ అని భక్తితో పేర్కొనుచుండిరి. అచ్చటి మసీదు కప్పు కూలుచున్నదని వినిన భక్తుడు తనకు తోచినది ఇచ్చుటలో తప్పేమున్నది? అతడు సున్నమునకు, రాతికి ఇచ్చెను గాని ఏ నియంతకును ఇయ్యలేదు. మన యిండ్లలోని తల్లులు తిరుపతి హుండీలో వేసిన కాసునకు నిట్టిదే భావము. కాని ఒక్క సంగతి కలదు. చందా యిచ్చిన చేయి మసీదును బాగుచేయుటతోపాటు, చందా కూర్చిన మనుష్యుని ప్రతిష్ఠను గూడ పెంచుచున్నది. ఒక నగరపు ముఫ్తీ ఆ యాత్రలవలన సమస్త ముస్లిము ప్రపంచమునకు ప్రతినిధియను పేరు తెచ్చుకొనెను. ఆ పేరును అతడు పిదప ఎచ్చట, ఏ వెలకు వినియోగించెనో చందాదారులు అడుగగల యేర్పాటు మాత్రము లేదు.

ఆ 1933వ సంవత్సరముననే మరియొక ఘట్టము జరిగినది. హిట్లరు అధికారమునకు వచ్చి రెండు మాసములు నిండినవో లేదో, మార్చి 31వ తేదీన ముఫ్తీ యెరూషలేములోని జర్మను కాన్సలు జనరలు హైన్రిహ్ వోల్ఫును కలిసికొని, క్రొత్త ప్రభుత్వమునకు తన స్వాగతమును, దాని యూదవ్యతిరేక విధానమునకు తన సంతోషమును తెలిపెను. ఇందలి వైపరీత్యమును గమనింపుడు. పాలస్తీనాకు యూదులు వచ్చుట అరబ్బుల ఫిర్యాదు. వారిని అట్లు తరిమినది నాజీ హింసయే. ఆ యేడు ఆగస్టులో జర్మను ప్రభుత్వము యూద సంస్థలతో నొక యొప్పందము చేసికొని, తన యూదులు పాలస్తీనాకు పోవుటకు దారియు నేర్పరచెను. 1935లో నొక్క సంవత్సరముననే సుమారు 60,000 మంది యూదులు పాలస్తీనా చేరిరి. ఏ వరదవలన తన యిల్లు మునుగుచున్నదని మొరపెట్టుకొనుచుండెనో, ఆ వరదకు గట్టు తెంచినవానికే ముఫ్తీ పూలమాల పంపుచుండెను. విరోధికి విరోధి మనకు మిత్రుడను సూత్రము మనుష్యుని కన్నులకు ఎట్లు గంతలు కట్టునో దీనికన్న వేరు దృష్టాంత మక్కరలేదు.

1936లో పాలస్తీనా అరబ్బులు తిరుగుబాటు చేసిరి. మూడేండ్లు సాగిన ఆ తిరుగుబాటును ఆంగ్ల ప్రభుత్వము కఠినముగా నణచెను. సుమారు 5,000 మంది అరబ్బులు మరణించిరి. 1937లో ముఫ్తీని పదవులనుండి తొలగింపగా అతడు లెబనానునకు, 1939లో బాగ్దాదునకు పారిపోయెను. 1941 ఏప్రిలులో రషీద్ అలీ గైలానీ యిరాకు ప్రభుత్వమును కైవసము చేసికొనగా ముఫ్తీ యాతనికి అండగా నిలిచి, మే నెలలో ఆంగ్లేయులపై ధర్మయుద్ధము ప్రకటించుచు రేడియోలో ఫత్వా చదివెను. నెలదినములలో ఆ ప్రయత్నము భగ్నమయ్యెను. నాయకులు పారిపోయిన వెంటనే, జూన్ 1, 2 తేదీలలో, బాగ్దాదు వీధులలో దుండగులు యూదుల యిండ్లపై బడి సుమారు 180 మందిని చంపిరి. ఆ యూదులు నిన్న మొన్న యూరపునుండి వచ్చినవారు కారు. రెండువేల యేండ్లకు పైగా ఆ నేలపై నివసించి అరబ్బీ భాషయే మాటలాడినవారు. పాలస్తీనా భూములతో వారికేమి సంబంధము? పొరుగుదేశపు వివాదమునకు ఇంటి ప్రక్కవానిపై కసి తీర్చుకొనుట ఆనాటితో ముగిసిన యాచారము కాదని మన దేశ చరిత్రయు సాక్ష్యమిచ్చును.

ముఫ్తీ ఇరాను మీదుగా తప్పించుకొని 1941 అక్టోబరు 11వ తేదీన రోము చేరెను. 27వ తేదీన ముస్సోలినీని దర్శించెను. ఇచ్చట మేము చదువరులను ఒక్క నిమిషము నిలువుమని వేడెదము. సరిగా పది సంవత్సరములకు పూర్వము, 1931 సెప్టెంబరు 16వ తేదీన, ఇదే ముస్సోలినీ ప్రభుత్వము లిబియాలో ఉమర్ ముఖ్తారును ఉరితీసెను. ఆయన ఖురాను బోధించు ఉపాధ్యాయుడు. డెబ్బది యేండ్ల వృద్ధుడు. ఇటలీ సైన్యములను ఇరువదియేండ్లు ఎదిరించిన వీరుడు. ఆ తిరుగుబాటు నణచుటకై సైరెనైకా ప్రాంతపు ప్రజలను సుమారు లక్షమందిని, ఆడువారిని పిల్లలతో సహా, ఎడారిలోని ముళ్లకంచెల శిబిరములలో నిర్బంధించిరి. వారిలో వేలకొలది మంది ఆకలిచేతను రోగములచేతను చనిపోయిరి. అటుపిమ్మట 1937లో ట్రిపోలీ నగరమున ముస్సోలినీ గుఱ్ఱమునెక్కి ఇస్లాము ఖడ్గమను పేర నొక కత్తిని స్వీకరించి, తాను ముస్లిములకు రక్షకుడనని చాటుకొనెను. ఉమర్ ముఖ్తారును ఉరితీయించిన చేయిని యెరూషలేము ముఫ్తీ పట్టుకొనెను. ఒకే మతము, ఒకే గ్రంథము. ఒకడు ఫాసిస్టు ఉరికొయ్యపైన, మరియొకడు ఫాసిస్టు విందుశాలలోన. "వీళ్లందరూ" అని యొక్క మాటతో చుట్టబెట్టువారు ఈ యిరువురిలో నెవరిని లెక్కింతురు?

నవంబరు 6వ తేదీన ముఫ్తీ బెర్లిను చేరెను. 28వ తేదీన జరిగిన సమావేశపు వివరములు జర్మను ప్రభుత్వపు కాగితములలో నున్నవి. అరబ్బు దేశముల స్వాతంత్ర్యమునకు జర్మనీ కట్టుబడియున్నదని బహిరంగ ప్రకటన చేయవలసినదిగా ముఫ్తీ కోరెను. హిట్లరు అంగీకరింపలేదు. తన సేనలు కాకసస్ పర్వతముల దక్షిణద్వారము చేరినప్పుడు అట్టి ప్రకటన చేయవచ్చుననియు, అప్పుడు అరబ్బు దేశములలో నున్న యూదులను నాశనము చేయుటయే జర్మనీ లక్ష్యమై యుండుననియు చెప్పెను. ముఫ్తీ అడిగినది స్వాతంత్ర్యము, దొరికినది హత్యకు వాగ్దానము. ఫ్రెంచి వలసలను, ఇటలీ యాశలను దృష్టియందుంచుకొనిన హిట్లరు అరబ్బుల స్వాతంత్ర్యమును వాయిదా వేసెను. 1942 ఏప్రిలులో జర్మనీ, ఇటలీలు ఒక రహస్యపు లేఖ మాత్రము చేతిలో పెట్టినవి. బహిరంగముగా చెప్పజాలని మైత్రిని మైత్రియని నమ్ముట యెట్లో మాకు తెలియదు.

అతడు మోసపోయిన యమాయకుడని యందుమా? అందుకు వీలులేదు. 1941 మొదలు 1945 వరకు నతడు జర్మను ప్రభుత్వపు ధనముతో, భవనములలో, పరివారముతో జీవించెను. అరబ్బీ రేడియో ప్రసంగములు చేసెను. 1943 వసంతమున బోస్నియాకు పోయి అచ్చటి ముస్లిము యువకులను నాజీల ఎస్.ఎస్. సైన్యమున చేర్చుటకు తోడ్పడెను. ఆ దళము పిదప తూర్పు బోస్నియాలో సెర్బు గ్రామములపై ఘోరములు చేసెను. అన్నిటికన్న దుర్భరమైనవి 1943వ సంవత్సరపు లేఖలు. సుమారు 4,000 మంది యూద బాలబాలికలను పాలస్తీనాకు పంపు ప్రయత్నము జరుగుచుండగా, మే నెలలో ముఫ్తీ బల్గేరియా విదేశాంగమంత్రికి వ్రాసి అడ్డు చెప్పెను. జూన్ 28వ తేదీన హంగేరి ప్రభుత్వమునకు వ్రాయుచు, యూదులను బలమైన కాపలా గల చోటికి, ఉదాహరణమునకు పోలండునకు, పంపుట మేలని సూచించెను. ఆనాడు పోలండునకు పంపుటయనగా ఏమో నేడు మనకు తెలియును. అతనికి అప్పటికి తెలియునా యని అడుగవచ్చును. ఆ వేసవిలోనే, అప్పటికి సుమారు 30 లక్షల యూదులను నిర్మూలించితిమని హిమ్లరు తనతో చెప్పెనని ముఫ్తీయే పిదప తన స్మృతులలో వ్రాసికొనెను. ఆ మాట విన్న పిదపను అతని గొంతు ఆగలేదు. 1944 మార్చి 1వ తేదీన రేడియోలో, యూదులు ఎచ్చట కనబడిన నచ్చట చంపుడని ప్రబోధించెను. తెలియదనుట కిక చోటు లేదు.

ఇంతవరకు చెప్పినది రెండవ యువకునికి చెప్పవలసినది. ఇక మొదటివానికి.

ముఫ్తీ పాపమును తగ్గించినట్లే పెంచినవారును కలరు. 2015 అక్టోబరులో ఇస్రాయేలు ప్రధానమంత్రి నెతన్యాహు, యూదులను చంపుమను ఆలోచన హిట్లరునకు ముఫ్తీయే కల్పించెనను నర్థమువచ్చునట్లు మాటలాడెను. ఆ దేశపు చరిత్రకారులే ఆ మాటను ఖండించిరి. జర్మను ప్రభుత్వము, ఆ నేరము తమదే, ఆ బాధ్యత తమదే యని తెలిపెను. ప్రధానియు పిదప తన మాటను సవరించుకొనెను. తేదీలను చూచినచో సంగతి తేటపడును. యూదుల విషయమున సమగ్ర పరిష్కారమునకు ఏర్పాట్లు చేయుమని గోరింగు 1941 జూలై 31వ తేదీననే ఉత్తరువు వ్రాసెను. కీవ్ నగరము చెంత బాబీ యార్ లోయలో సెప్టెంబరు 29, 30 తేదీలలో 33,771 మంది యూదులను కాల్చిచంపిరి. ముఫ్తీ బెర్లిను చేరినది నవంబరులో. అతడు ఆ యగ్నిని రగిల్చినవాడు కాడు. మండుచున్న యగ్నినుండి పిల్లలు తప్పించుకొను వాకిలిని మూయుమని చెప్పినవాడు. ఆ లేఖలు వ్రాయకున్నను నాజీలు ఆ వాకిలిని మూసియే యుందురు. అయినను వ్రాసిన చేయి అతనిదే. అతని నేరము ఇంత. ఇంతకు తక్కువయు కాదు, ఎక్కువయు కాదు.

అది యతని మతస్థులందరి నేరమా? 1929లో హెబ్రోను పట్టణమున 67 మంది యూదులను దుండగులు చంపినప్పుడు, తమ యిండ్లలో దాచి అనేకులను కాపాడినవారు పొరుగు అరబ్బు కుటుంబములవారే. ముఫ్తీ బెర్లినులో నున్న కాలమున వేలాది పాలస్తీనా అరబ్బులు ఆంగ్ల సైన్యమున చేరి నాజీలతో పోరాడిరి. 1941 అక్టోబరున సరాయెవో నగరపు ముస్లిము పెద్దలు సెర్బులపైని, యూదులపైని హింసను ఖండించుచు బహిరంగముగా సంతకములు చేసిరి. ముస్లిములు అధికసంఖ్యాకులైన అల్బేనియాలో, యుద్ధారంభమున నున్నవారికంటె యుద్ధాంతమున యూదుల సంఖ్య హెచ్చుగా నుండెను. పారివచ్చినవారికి ఆ పేదదేశపు రైతులు ఆశ్రయమిచ్చుటయే కారణము.

నియంతలతో చేయి కలిపిన మతాచార్యులు ఒక్క మతముననే యుండిరా? స్లొవేకియా దేశాధ్యక్షుడైన యోజెఫ్ టిసో కాథలిక్కు పురోహితుడు. అతని పాలనలో 1942లో సుమారు 58,000 మంది యూదులు నాజీల చేతికప్పగింపబడిరి. 1947లో నతనిని ఉరితీసిరి. ఆ మతముననే మ్యూన్‌స్టరు బిషప్పు గాలెన్, 1941 ఆగస్టున, రోగులను మతిస్తిమితము లేనివారిని చంపించుచున్న నాజీ ప్రభుత్వమును వేదికపైనుండి నిర్భయముగా దూషించెను. ప్రొటెస్టంటు ఆచార్యుడు బాన్‌హోఫర్ 1945 ఏప్రిలులో ఉరికంబమెక్కెను. కావున మనుష్యుని తూచు తక్కెడలో అతని మతమును గాక అతడు చేసిన పనిని వేయవలెను.

ఆ తక్కెడను పరులకు మాత్రమే పట్టి మనవారికి దాచిపెట్టుట ధర్మము కాదు. ముఫ్తీ బెర్లినులో నున్నప్పుడే సుభాష్ చంద్రబోసును అచ్చట నుండెను. 1941 ఏప్రిలున జర్మనీ చేరి, 1942 మే నెలలో హిట్లరును కలిసి, ఆయనయు స్వాతంత్ర్య ప్రకటనను కోరి, ఆయనయు పొందలేకపోయెను. ఆయనకు కుడిభుజముగా నిలిచినవాడు మన హైదరాబాదు యువకుడు, ఇంజనీరింగు చదువునకై జర్మనీ పోయిన ఆబిద్ హసన్. 1943 ఫిబ్రవరిలో వీరిరువురును కీల్ రేవునుండి జలాంతర్గామిలో బయలుదేరి, మడగాస్కరు సమీపమున నడిసముద్రములో జపాను జలాంతర్గామికి మారి, మే నెలలో సుమత్రా ప్రాంతమును చేరిరి. సైనికులు మతభేదము లేక ఒకరినొకరు పలుకరించుకొనుటకై "జై హింద్" అను నినాదమును కల్పించినవాడు ఆబిద్ హసనే యందురు. స్వతంత్ర భారతమున ఆయన రాయబారిగా పనిచేసి, పదవీవిరమణానంతరము హైదరాబాదులో నివసించి 1984లో మరణించెను.

ముఫ్తీకిని బోసునకును భేదము కలదు. బోసు మతపీఠమునుండి మాటలాడలేదు. ఏ జాతిని చంపుమని చెప్పలేదు. ఏ పిల్లల ప్రయాణమునకును అడ్డు నిలువలేదు. అయినను ఆయన బెర్లినులో నున్న రెండేండ్లును ఆ నగరమునుండియే యూదులను బండ్లకెత్తుచుండగా ఆ హింసను బహిరంగముగా ఖండింపలేదనుటయు సత్యమే. 1936లో రోములో దిగినప్పుడు ముస్సోలినీ ఆహ్వానమును నెహ్రూ నిరాకరించెను. 1926లో ముస్సోలినీ యాతిథ్యమును స్వీకరించి మెచ్చుకొనిన రవీంద్రుడు, సత్యము తెలిసిన పిదప తన మాటను వెనుకకు తీసికొని ఫాసిజమును ఖండించెను. బోసును ప్రేమించు మనము ఈ మాట చెప్పుటకు జంకినచో, ముఫ్తీని గూర్చి మాటలాడు హక్కు మనకు లేదు.

యుద్ధానంతరము ముఫ్తీ ఫ్రెంచివారి చేజిక్కి, 1946లో వారినుండి తప్పించుకొని కైరో చేరెను. ఏ న్యాయస్థానమును అతనిని విచారింపలేదు. 1948లో పాలస్తీనా అరబ్బులు సుమారు 7 లక్షలమంది ఇండ్లు కోల్పోయి శరణార్థులైరి. తన ప్రజలను కాపాడుటకే నియంతల యింటి కేగితినను నాయకుడు ఆ దినమున వారికేమియు చేయజాలకపోయెను. 1974 జూలై 4వ తేదీన బీరూటులో మరణించెను. అతడు తన ప్రజలకు విడిచిన యాస్తి ఆ ఛాయాచిత్రము. ఎప్పుడు ఏ పాలస్తీనా తల్లి తన యిల్లు పోయెనని మొరపెట్టుకొనినను, ఆ చిత్రమును ఆమె ముఖము ముందట పట్టి నోరు మూయించువారు నేటికిని కలరు. ఆమె మొర సత్యము. ఆ చిత్రమును సత్యమే. ఒక సత్యముతో మరియొక సత్యమును కొట్టివేయుట న్యాయము కాదు.

మన నగరమునకును ఈ పాఠము రక్తాక్షరములలో వ్రాయబడినది. 1948లో మతమునకు ఆయుధము తోడైన రజాకారుల కాలమున, వారిని ధైర్యముగా విమర్శించిన "ఇమ్రోజ్" పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ఆగస్టు నెలలో హైదరాబాదు వీధిలోనే హత్య చేయబడెను. ఆయన ముస్లిమే. సెప్టెంబరున సైనిక చర్య ముగిసిన పిమ్మట, రజాకారుల నేరమునకై, ఏ నేరమెరుగని ముస్లిము పల్లెవాసులు వేలకొలది మంది చంపబడిరి. నాయకుని పాపమునకు పొరుగువానిని శిక్షించుట యనగా ఇదియే.

సంస్కారము కోరు గృహస్థులు ఇందు గ్రహింపవలసినది ఒక్కటి కలదు. రాజకీయ నాయకుని మాట మనము కాదనగలము. పీఠముపైనుండి వచ్చిన మాటను కాదనుటకు మన నాలుక వెనుకాడును. నియంతకు కావలసినది ఆ వెనుకాటే. అందుకే యతడు పురోహితుని, ముఫ్తీని, స్వామిని, బిషప్పును వెదకికొనుచుండును. వీరేశలింగముగారు 1881లో రాజమహేంద్రవరమున వితంతు వివాహము జరిపించినప్పుడు పీఠముల బహిష్కారములను లెక్కచేసి యుండినచో నేడు మన యాడుబిడ్డల గతి యేమై యుండును? పీఠమునకు నమస్కరింపవచ్చును. కాని పీఠము మనుష్యుని ద్వేషింపుమని చెప్పిన క్షణమున ఎందుకని యడుగుట భక్తిలోపము కాదు. ఆ ప్రశ్న మొదట మన యింటి భోజనపంక్తిలోనే పిల్లలకు అలవాటు కావలెను. మనము దక్షిణయిచ్చు గురువు ఎవరి ప్రక్కన కూర్చుండి ఛాయాచిత్రము తీయించుకొనుచున్నాడో విచారించు అలవాటును అట్టిదే.

ఈ సంగతులన్నియు మేము ఆ యువకులిద్దరికిని రెండు సాయంకాలములు చెప్పితిమి. మొదటివాడు ఉమర్ ముఖ్తారు పేరు తానెన్నడును వినలేదనెను. రెండవవాడు బల్గేరియా పిల్లల లేఖను గూర్చి వినునప్పుడు తలవంచుకొని చాలసేపు మాటలాడలేదు. తరువాత, "అతను మాకు పెద్ద కాదు సార్" అని మాత్రమనెను. అట్లనుటకు అతనికి ఎంత ప్రయాసయయ్యెనో మొదటివాడు గమనించినట్లు మాకు తోచినది. వారి స్నేహము పూర్వమువలె నున్నదని మేము చెప్పజాలము. మూడవనాటి రాత్రి మాత్రము పైయంతస్తులో వంట ఒక్క కుండలోనే యుడికినది.